సున్నా, లేకపోతే 0.054945: మధ్యలో ఏమీ లేదా?

ప్ర: రిచీ స్ట్రీట్‌లో పాత 486 మెషిన్ (పాతకాలపు పీసీ) ఒకటి కొని డాస్ ఆపరేటింగ్ సిస్టమ్, టర్బో సి కంపైలర్ వేసుకున్నాను. రెండు సార్టింగ్ (లిస్టును వరసగా సర్దే) పద్ధతుల్లో ఏది వేగమో చూద్దామని క్లాక్ ఫంక్షన్ పెడితే ఒకసారి 0.000000, ఇంకోసారి 0.054945 వస్తోంది. కంపైలర్ పాడైందా?
– ఒక పాఠకుడు, పెరంబూర్, చెన్నై

జ: కంపైలర్‌కేమీ కాలేదండీ. ఒకటిని ఆ 0.054945తో భాగించి చూడండి, 18.2 వస్తుంది. పీసీలోని టైమర్ చిప్ సెకనుకు సుమారు 11,93,182 సార్లు లెక్కపెడుతూ, 65,536 అయినప్పుడల్లా ఒక టిక్ కొడుతుంది, అంటే సెకనుకు 18.2 టిక్కులు. (11,93,182 అనే ఆ వింత అంకె అమెరికా కలర్ టీవీల లెక్కకు సరిపోయే 14.31818 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ని 12తో భాగిస్తే వచ్చింది.) మీ క్లాక్ ఫంక్షన్ చూసేది ఆ టిక్కులనే, చిప్ లోపలి లెక్కను కాదు. అందుకే పని మధ్యలో టిక్ పడకపోతే సున్నా, ఒకటి పడితే 0.054945.

సార్టింగ్‌లు పోల్చడానికే అయితే ఒక్కోదాన్ని వెయ్యిసార్లు తిప్పి భాగించండి, చాలు. ప్రతిసారీ అదే కలగాపులగం డేటా మళ్లీ నింపడం మరవకండి, లేకపోతే రెండోసారి నుంచి సర్దేసిన లిస్టునే సర్దుతుంటారు.

అలా కాదు, ఒక్క పరుగునే కొలవాలంటే చిప్‌నే అడగాలి. చిప్‌తో మాట్లాడే దారి అయిన హెక్స్ 43 (పదహారు ఆధారంగా రాసే అంకె) పోర్టుకు సున్నా పంపితే అప్పటి లెక్క పట్టి ఉంచుతుంది, హెక్స్ 40 నుంచి రెండుసార్లు చదివితే ముందు కింది బైటు, తర్వాత పై బైటు వస్తాయి. ఒక్కో లెక్క 0.838 మైక్రోసెకన్లు. అయితే బయాస్ (మెషిన్ ఆన్ కాగానే నడిచే ప్రోగ్రామ్) చిప్‌ని మోడ్ 3 అనే పద్ధతిలో పెడుతుంది, అందులో లెక్క రెండేసి చొప్పున తగ్గుతూ ఒక టిక్‌లో రెండుసార్లు తిరుగుతుంది, మీరు ఏ చుట్టులో ఉన్నారో తెలీదు. అందుకే ముందుగా 43కి హెక్స్ 34, ఆపై 40కి రెండు సున్నాలు పంపి, ఒక టిక్‌లో ఒకే చుట్టు తిరిగే మోడ్ 2కి మార్చండి.

మొత్తం సమయానికి టిక్కుల సంఖ్య, చిప్ లెక్క రెండూ కలపాలి. అందరూ బోల్తాపడేది మాత్రం ఇక్కడ: లెక్క చదివే లోపల టిక్ మారిపోతే 55 మిల్లీసెకన్లు తేడా వచ్చేస్తుంది. టిక్ చదివి, ఇంటరప్టులు (నడుస్తున్న పనిని మధ్యలో ఆపే పిలుపులు) ఆపి లెక్క చదివి, వాటిని వదిలి మళ్లీ టిక్ చదవండి. రెండు టిక్కులూ కలవకపోతే మొదటినుంచి చదవడమే. టర్బో సిలో ఇంట్ (పూర్ణాంకాల రకం) 16 బిట్లే కాబట్టి టిక్కులను 65,536తో గుణించే పని డబుల్ (దశాంశాల రకం)లో చేయండి. ఇదంతా విండోస్ లోపలి డాస్ కిటికీలో కాకుండా నేరుగా డాస్‌లోకి బూట్ చేసి నడపండి, ఆ కిటికీలో మీకు కనిపించేది అసలు చిప్ కాదు.