సిప్ కొన్నాళ్లు ఆగనివ్వండి, ముందు ఫ్రిజ్ తెరవండి

ప్రశ్న: మాది నెల్లూరు. ఇద్దరం బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ మారతహళ్లిలో అద్దెకుంటున్నాం. ఓపిక లేక యాప్‌లో తెప్పించుకునే భోజనానికే నెలకు 14,000 అవుతోంది. ఆదివారం తెచ్చిన పళ్లు, మిగిలిన అన్నం బుధవారానికల్లా చెత్తబుట్టలోకి పోతున్నాయి. క్రెడిట్ కార్డు బాకీ 72,000 ఉంది, నెలనెలా కనీస మొత్తం 4,000 కడుతున్నాం. ఇప్పుడు నెలకు 5,000తో సిప్, అంటే మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కొంత పెట్టడం, మొదలుపెడదామని ఉంది. ఏ ఫండ్ మంచిది? వంటమనిషిని పెట్టుకుంటే ఖర్చు కలిసొస్తుందా?

జవాబు: ఫండ్ పేరు ఇప్పుడు చెప్పనమ్మా. మీ కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుందాం. 72,000 మీద 2,520 వడ్డీ, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 2,970. అంటే మీరు కట్టే 4,000లో అసలుకు చేరేది వెయ్యి రూపాయలే. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్త ఖర్చుకు వడ్డీ లేని గడువు ఉండదు. కార్డుతో తెప్పించిన బిర్యానీకి ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. నెలకు నాలుగు శాతం పోతుంటే, ఏడాదికి పన్నెండు వస్తుందన్న ఆశతో సిప్ కట్టడం మీకు నష్టమే.

బాకీ తీర్చే డబ్బు మీ వంటింట్లోనే ఉంది. ఆర్డర్లు పూర్తిగా మానమని అనను. ట్రాఫిక్‌లో రెండు గంటలు గడిపి వచ్చినవాళ్లకు ఆ మాట చెప్పడం అన్యాయం. సగానికి తగ్గించండి, చాలు.

అలాగని రేపే సంచి నిండా కూరగాయలు తేవద్దు. ఈ సలహా విన్నవాళ్లలో చాలామంది మొదట చేసే పని అదే, అవీ కుళ్లిపోతాయి. మొదటి వారం ఉన్నవే వండండి. నల్లమచ్చలు పడ్డ అరటిపళ్లను మెదిపి, గోధుమపిండి, బెల్లం తురుము, కాస్త యాలకుల పొడి కలిపి పెనం మీద చిన్న అట్లు పోయండి. సాయంత్రం ఆకలికి అవే సరిపోతాయి, సమోసాలు తెప్పించే పని ఉండదు. పుల్లగా ఉన్న అనాస ముక్కలు చారులో వేస్తే టమాటా అక్కర్లేదు. మెత్తబడ్డ ఆపిల్ రవ్వ కేసరిలో కలిసిపోతుంది. పుచ్చకాయ ఎర్రభాగం తిన్నాక, పై ఆకుపచ్చ చెక్కు తీసేసి తెల్లభాగాన్ని సొరకాయలా శనగపప్పుతో వండుకోవచ్చు. మా ఇంట్లో వేసవంతా ఆ కూర ఉంటుంది. దానిమ్మ గింజలు దద్దోజనంలోకి, నిన్నటి పప్పు చింతపండు పులుసు పోసి పప్పుచారులోకి, గట్టిపడ్డ చపాతీలు తుంపి ఉప్మాలోకి.

అన్నం విషయంలో మాత్రం జాగ్రత్త. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడే వాడేయాలి. బయట ఉండిపోయిన అన్నంలో పెరిగే బ్యాక్టీరియా విడుదల చేసే విషం మళ్లీ వేడి చేసినా పోదు. సరిగ్గా దాచిన అన్నానికి నిమ్మకాయో మామిడికాయ తురుమో, ఒక తాలింపు చాలు. పావుగంటలో పులిహోర. ఆర్డర్ తలుపు తట్టడానికి అంతకంటే ఎక్కువసేపే పడుతుంది.

ఇకమీదట పళ్లు కిలోల లెక్కన కొనకండి. హాప్‌కామ్స్ పళ్లు, కూరగాయల దుకాణంలోనో వీధి చివర బండి దగ్గరో వారానికి రెండుసార్లు, అరకిలో చొప్పున తీసుకోండి.

ఇప్పుడు లెక్క. ఆర్డర్లు సగమైతే 7,000 మిగులుతుంది. అందులో వెయ్యి గ్యాసుకు, కూరలకు పోనివ్వండి. మిగతా 6,000, సిప్ కోసం అనుకున్న 5,000, ఇప్పుడు కడుతున్న 4,000 కలిపి 15,000. జీతం పడిన రోజే కార్డుకు కట్టేయండి. నెలాఖరున మిగిలింది కడదామంటే ఏమీ మిగలదు. కార్డు మీద కొత్త ఖర్చు పెట్టకపోతే ఆరో నెలలో బాకీ తీరిపోతుంది. ఈలోగా బాకీని తక్కువ వడ్డీ వాయిదాలుగా మారుస్తారేమో బ్యాంకును అడగండి. ప్రాసెసింగ్ ఫీజు కూడా కలిపి లెక్కేసుకున్నాకే ఒప్పుకోండి.

ఏడో నెల నుంచి అదే 15,000ను రికరింగ్ డిపాజిట్‌లో వేసి, మూడు నెలల ఇంటి ఖర్చు పోగయ్యాక సిప్ మొదలుపెట్టండి. వంటమనిషి ఇప్పుడు వద్దు. బాకీ తీరాక కూడా ఆర్డర్లు నెలకు 7,000 దాటుతూనే ఉంటే అప్పుడు పెట్టుకోండి, పూటకు కాకుండా రోజుకు ఒక్కసారి వచ్చేలా మాట్లాడుకోండి.