కార్పొరేటర్ల యాత్ర బిల్లులు మనం చూడొచ్చా?

ప్రశ్న: కార్పొరేటర్ల అధ్యయన యాత్రలకు మన పన్నుల సొమ్ము ఎంత ఖర్చవుతోందో తెలుసుకోవడం ఎలా?
– ఓ పాఠకుడు, మద్దిలపాలెం

జవాబు: సమాచార హక్కు చట్టం–2005, సెక్షన్ 6(1) కింద తెల్లకాగితం మీద అడగండి. 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, ఆశీల్‌మెట్టలోని జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) ప్రధాన కార్యాలయంలో పౌర సమాచార అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు, దానికి రుజువు నకలు జతచేస్తే చాలు.

చాలామంది తప్పేది ప్రశ్న దగ్గరే. ‘ఇంత దుబారా ఎందుకు?’ అంటే జవాబు రాదు. చట్టం ఇచ్చేది కాగితాలే, సంజాయిషీ కాదు. కాబట్టి యాత్ర నెల, ఏడాది రాసి, కౌన్సిల్ తీర్మానం, మంజూరు ఉత్తర్వు, వెళ్లినవాళ్ల జాబితా, టికెట్లు, హోటల్ బిల్లులు, చెల్లింపు వోచర్ల నకళ్లు అడగండి. అడ్వాన్సుగా డబ్బు తీసి ఉంటే దాని సర్దుబాటు బిల్లు కూడా. అసలు గుట్టు అక్కడే ఉంటుంది: ఎంత తీశారు, ఎంతకు బిల్లులు పెట్టారు, మిగిలింది తిరిగి జమచేశారా? జాబితాను హోటల్ గదుల సంఖ్యతో పోల్చి చూడండి. ఆ ఏడాది ఆడిట్ అభ్యంతరాలూ అడగండి.

30 రోజుల్లో ఇవ్వకపోతే ఆ తర్వాత నకళ్లు ఉచితం. అప్పటినుంచి 30 రోజుల్లోగా అక్కడి పై అధికారికి మొదటి అప్పీలు చేయాలి. ‘వ్యక్తిగత సమాచారం’ అని తిప్పికొడితే, ప్రజాప్రయోజనం ఎక్కువైతే అలాంటి సమాచారమూ ఇవ్వొచ్చనే సెక్షన్ 8(2)ను అప్పీల్లో ప్రస్తావించండి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు.