సమాధానం: పాత సీజన్ల గెలుపోటములు కుదరడం లేదన్న ప్రశ్నకు

స్నేహితుల స్ట్రాట్-ఓ-మ్యాటిక్ (ఆటగాళ్ల కార్డులు, పాచికలతో ఆడే బేస్‌బాల్ ఆట) లీగ్ చరిత్ర రాస్తుంటే పాత నోటుబుక్కుల లెక్కలు కలవడం లేదన్నారు. కార్డులు చూస్తే తేలదండీ. కార్డులో ఉండేది ఆ ఆటగాడు అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో నిజంగా ఆడిన సీజన్ లెక్క, మీ పాచికలకు పడింది వేరు.

ముందు ఒక సీజన్ పట్టుకోండి. 6 జట్లు తలా 40 ఆటలు ఆడితే మొత్తం 120 ఆటలు, కాబట్టి గెలుపులు 120, ఓటములు 120 రావాలి. 121 గెలుపులు వచ్చాయా? ఒకే ఆటను ఇద్దరూ తమ ఖాతాలో వేసుకుని ఉంటారు (మా దగ్గరా జరిగింది, ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు!). తర్వాత లీగ్ మొత్తంలో చేసిన పరుగులు, ఇచ్చిన పరుగులు సమానమో కాదో చూడండి.

స్కోరు షీటు దొరికితే ఇంకా సులువు. ఒక్కో జట్టుకు, బ్యాటర్లు బ్యాటింగ్‌కు వచ్చిన మొత్తం సార్లు = పరుగులు + ఇన్నింగ్స్ ముగిసేసరికి బేస్‌ల మీద మిగిలినవాళ్లు + ఔట్లు. తేడా వస్తే తప్పు ఆ షీటులోనే ఉంది. షీటు లేని ఆటకు స్కోరు మాత్రమే రాసి, వ్యక్తిగత లెక్కలు ఖాళీగా వదిలేయండి. ఊహించి నింపొద్దు.

అన్నట్టు, మీ ముందుమాటలో రోటిసరీ లీగ్‌ను (ఫాంటసీ బేస్‌బాల్ లీగ్) మీ ఆటకు మూలం అన్నారు, అది మార్చండి. అది 1980లో న్యూయార్క్‌లో మొదలైంది, నడుస్తున్న సీజన్ గణాంకాలతో ఆడేది. హాల్ రిచ్‌మన్ మీ పాచికల ఆటను 1961లోనే అమ్మకానికి తెచ్చాడు.