రెండవ సిజేరియన్‌కు వెళ్ళబోతున్న మేనకోడలికి

చి.ల.సౌ. అమ్మలుకు నీ మేనత్త దీవించి వ్రాయునది.

వచ్చే వారం నీకు ఆపరేషన్ అని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి మొదటిసారి నీవు పడిన బాధే నా కళ్ళలో మెదులుతున్నది. మన తెలంగాణలో 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లని తేలినా, ఆ తరువాతి నొప్పి గురించి ముందుగా చెప్పేవారు తక్కువ.

30 ఏళ్ళు కాన్పుల వార్డులో నర్సుగా చూసినంతలో, ఒకే రకం కోత పడినా ఇద్దరు బాలింతల నొప్పి ఒకటిగా ఉండదు. ముందు నుంచీ నడుము నొప్పి వంటివి ఉన్నవారికి, బెంగతో నిద్ర లేనివారికి, గంటల తరబడి నొప్పులు పడి చివరికి హడావిడిగా థియేటర్‌కు వెళ్ళినవారికి బాధ ఎక్కువగా ఉండడం చూశాను. నీ మొదటి కాన్పు ఆ చివరి కోవలోదే. ఈసారి ఆ అలసట ఉండదు.

మత్తు డాక్టరుకు అప్పటి సంగతి దాచకుండా చెప్పు. వెన్ను సూదిలోనే కొద్దిగా మార్ఫిన్ కలిపితే దాదాపు ఒక రోజు నొప్పి అదుపులో ఉంటుంది. దురద, వాంతులు వస్తే వాటికీ మందు ఇస్తారు.

పాలిచ్చే తల్లికి మాత్రలెందుకని ఓర్చుకొని, నొప్పి భరించలేనంత అయ్యాక అడగడం చాలామంది చేసే పొరపాటు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ పాలిచ్చే తల్లులకు సాధారణంగా ఇచ్చేవే. డాక్టరు వ్రాసినవి గడియారం చూసి వేళకు వేసుకో. ఉబ్బసం, కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ముందే చెప్పాలి.

మంచం మీద నుంచి తిన్నగా లేవకు. మోకాళ్ళు ముడిచి, పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు కిందికి జార్చి, మోచేతి మీద బరువు వేసి లే. దగ్గు వస్తే చిన్న దిండును కుట్ల మీద అదిమి పట్టుకో. పాలిచ్చేటప్పుడు పొత్తికడుపును మెలిపెట్టే నొప్పి కుట్లది కాదు, గర్భసంచి ముడుచుకొనేది, అది రెండవ కాన్పులో ఇంకా ఎక్కువ.

పథ్యం పేరుతో నీళ్ళు తగ్గించమంటే వినకు. నర్సునై ఉండి కూడా మా అత్తగారికి ఎదురు చెప్పలేక నేను రోజుకు రెండు గ్లాసులతో సరిపెట్టుకున్నాను. నాలుగవ రోజు మరుగుదొడ్డిలో పడిన బాధ ముందు కోత నొప్పి ఏపాటిది!

జ్వరం, కుట్ల దగ్గర చీము, ఒక పిక్క మాత్రమే వాచడం, కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఈ ఉత్తరం మీ ఆయనకు కూడా చదివి వినిపించు. రాత్రి మాత్రల వేళకు నిన్ను లేపవలసింది అతడే.

ఇట్లు,
నీ మేనత్త