పెట్రోల్ బిల్లు ఆపకమ్మా

అమ్మలూ,

గాజువాకలో సబ్బులు, బిస్కెట్ల ఏజెన్సీ తీసుకున్నావని, పన్నెండు మంది సేల్స్ కుర్రాళ్లని పెడుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వీధిలో కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

జీఎస్టీ, గోడౌన్ అగ్రిమెంటు ఆడిటర్ చూసుకుంటాడు. పది మంది దాటారు కాబట్టి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా, తప్పదు. 21 వేల లోపు జీతగాళ్లకి నీ వంతు 3.25 శాతం, వాళ్ల వంతు 0.75. పదిహేను వేలు తీసుకునేవాడికి నీ చేతి నుంచి పోయేది నెలకి 488 రూపాయలు. దండగ అనేవాళ్లు ఉంటారు, వినకు. చందా సరిగ్గా కట్టి ఉంటే, మంచాన పడ్డవాడికి ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం వస్తుంది.

ఇక నేను చేసిన వెధవపని చెబుతాను. మీ నాన్నకి కూడా తెలీదు.

2003 మే నెల. రాష్ట్రమంతా వడదెబ్బకి జనం పిట్టల్లా రాలిపోయిన ఎండాకాలం. నేను ఏరియా మేనేజర్‌ని. చోడవరం లైన్ (ఆర్డర్ల కోసం తిరిగే షాపుల రూటు) చూసే కుర్రాడు టార్గెట్‌లో సగం దగ్గరే ఆగిపోయాడు. పెట్రోల్ బిల్లు ఆపేశాను. "టార్గెట్ కొట్టు, బిల్లు పట్టుకుపో" అన్నాను. ఆర్డర్ బుక్ చూస్తే కార్బన్ కాపీలో అక్షరాలన్నీ అలుక్కుపోయి ఉన్నాయి. రాయడం కూడా రాదా అని అందరి ముందూ కేకలేశాను. వాడు తలొంచుకుని నిలబడ్డాడు.

నెలాఖరుకి టార్గెట్ పూర్తయింది. మీటింగులో చప్పట్లు కొట్టించాను. మందు పనిచేసిందనుకున్నాను.

జూన్ మొదటి వారంలో సరుకు వెనక్కి రావడం మొదలైంది. నలభై పెట్టెలు. కొన్నిటిని ఎలకలు కొట్టేశాయి. చోడవరం వెళ్తే షాపాయన నా మొహం మీదే అన్నాడు: "సార్, మీవాడు బండి ఇంట్లో పెట్టేసి బస్సులో వస్తున్నాడు. నెలాఖరు దాకా ఉంచు అన్నా అని బతిమాలితే జాలిపడి దింపించుకున్నాను."

అరవై షాపుల లైన్. నడిచి ఎన్ని తిరుగుతాడు? ఆ పుస్తకం తడిసింది చెమటకమ్మా. చొక్కా జేబులోంచి తీసి ఇచ్చినప్పుడు నా చేతికి తడి తగిలింది కూడా. అయినా తిట్టాను.

సారీ చెప్పేలోపే పోటీ కంపెనీలో చేరిపోయాడు. వాడితోపాటు షాపులూ పోయాయి. కొత్తవాడికి ఎవడు నగదు, ఎవడు అరువు, ఎవడు మధ్యాహ్నం షట్టర్ దించేస్తాడు, ఇవి తెలియడానికే నాలుగు నెలలు పట్టింది. నేను ఆపింది ఒక్క నెల బిల్లు.

నువ్వు లెక్కల్లో గట్టిదానివి, మొండితనంలో నా అంతదానివి. అదే నా భయం. టీఏ, డీఏలు, అంటే ప్రయాణ ఖర్చు, రోజువారీ బత్తా, ఐదో తారీఖులోపు ఇచ్చెయ్, అమ్మకాలతో ముడిపెట్టకు. మేలో పన్నెండు నుంచి మూడున్నర దాకా లైన్ మీద ఎవర్నీ ఉంచకు, షాపుల్లో కొనేవాళ్లూ ఉండరు. ఆఫీసు బాత్రూం తాళం నీ బ్యాగులో పెట్టుకోకు. రోజంతా బయట తిరిగేవాళ్లకి అదెంత అవసరమో కేబిన్‌లో కూర్చునేవాళ్లకి తెలీదు, నాకూ తెలిసేది కాదు.

కూర్మన్నపాలెం దాటాక హైవే మీద లారీలు తలుచుకుంటేనే నాకు గుండె దడ. చీకటి పడ్డాక కలెక్షన్ కోసం ఎవరికీ ఫోన్ చెయ్యకు, బండి నడుపుతూ ఎత్తుతారు.

ఆదివారం వస్తున్నాను. హెల్మెట్లు పన్నెండూ నేనే కొంటాను, ఆ ఖర్చు నీ పుస్తకంలో రాయకు. పదమూడోది నీకు. స్కూటీకి తగిలించి తిరుగుతున్నావటగా, మీ నాన్న అదీ చెప్పాడు.

పెదనాన్న