క్యాంపు చరిత్ర రాస్తానంటున్న బాబుకు

బాబూ, మీ క్యాంపు, అంటే కోస్తా దిక్కుకెల్లి వచ్చినోళ్లు కాలువ నీళ్ల కింద కట్టుకున్న ఊరు, దాని చరిత్ర రాస్తున్నవని మీ నాయన చెప్పిండు, శాన మంచిగనిపించింది. ముసలోళ్లు ఉన్నప్పుడే చెయ్యాలె ఈ పని. నిజామాబాద్ జిల్లా వర్ని దిక్కు బళ్లల్ల పాఠాలు చెప్పినోన్ని కాబట్టి నాకు తోచింది చెప్తున్న.

"ఇక్కడ అంతా అడివే ఉండె, మావాళ్లొచ్చి బాగుచేసిన్రు" అని మాత్రం మొదలువెట్టకు. మీ తాతల కష్టం నిజం, రేగడి భూమిని మడి చేసి వరి, చెరుకు పండించుడంటే మాటలు కాదు. కానీ మంజీర మీద నిజాంసాగర్ 1923ల మొదలువెట్టి 1931కి కట్టిన్రు, ఆ నీళ్లను చూసే కదా కృష్ణా, గుంటూరు, గోదావరి దిక్కుకెల్లి జనం వచ్చింది, అప్పటికే ఇక్కడ జొన్నలు పండించేటోళ్లు, కౌలుదార్లు, జీతగాళ్లు, తండాలోళ్లు ఉండిరి, డ్యాంల ఊర్లు మునిగినోళ్లు ఉండిరి. మీ ముత్తాతకు భూమి అమ్మిందెవరు, అమ్మకముందు దాన్ని దున్నిందెవరు, ఈ రెండూ అడుగు. రెండోదానికి జవాబు మీ ఇంట్ల దొరకకపోవచ్చు, పక్కనున్న పాత ఊరికి పోవాలె.

మొగోళ్లు ఎకరాల లెక్క చెప్తరు. మీ నాయనమ్మలను అడుగు, వచ్చిన కొత్తల ఏం తిన్నరు, నీళ్లు ఏడికెల్లి తెచ్చుకున్నరు, పురుడు ఎవరు పోసిన్రు అని. ఆ మంత్రసాని పాత ఊరామెనే అయితే ఆమె ఇంటోళ్లతోని గూడ మాట్లాడు, రెండూర్ల సంబంధం అసలు అక్కడ దొరుకుతది.

కాయితాల సంగతికొస్తే 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిది, ఎవరు దున్నుతున్నరు అని రాసిన సర్కారు లెక్క) నకలు, 1950 కౌలుదారీ చట్టం వచ్చినంక రాసిన రక్షిత కౌలుదార్ల (భూమికెల్లి ఎల్లగొట్టకుంట చట్టం కాపాడిన కౌలుదార్ల) రిజిస్టర్ తహసీల్ ఆఫీసుల అడుగు, తిప్పుతరు, ఇడువకు. ఇంట్ల ట్రంకు పెట్టెలల్ల సాదాబైనామాలు, అంటే రిజిస్ట్రీ లేకుంట తెల్లకాయితం మీద రాసుకున్న భూమి అమ్మకాలు ఉంటయి, అవి ఫోటో తీస్కో. ఇంకా పాతయి ఉర్దూల ఉంటయి, ఏండ్లు ఫసలీల, అంటే నిజాం కాలం రెవెన్యూ ఏండ్ల లెక్కల రాస్తరు, 590 కలిపితే ఇంగ్లీషు ఏడాది వస్తది, 1340 అంటే 1930 అన్నట్టు.

బోధన్ షుగర్ ఫ్యాక్టరీ ముచ్చట ఒక్క లైన్ల తేల్చకు, 2015ల మూతవడేదాక ఈ చెరుకంతా దాన్ని నమ్ముకొనే పెట్టిన్రు, పనిచేసినోళ్లల్ల క్యాంపోళ్లూ ఊరోళ్లూ ఇద్దరున్నరు.

ఫోన్ల రికార్డ్ చేసేముందు అడుగు, పేరు రాయాల్నా వద్దా అని గూడ అడుగు, భూమి తగాదాలు ఇంకా నడుస్తున్న ఇండ్లున్నయి. ఉర్దూ కాయితం దొరికితే నా దగ్గరికి పట్కరా, కూసొని చదువుదాం.