మాలి మీద కలం పెట్టే ముందు

చి. మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

పశ్చిమ ఆఫ్రికా దేశం మాలి మీద నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. ఫ్రాన్స్ వెళ్లిపోయింది, రష్యా దిగింది, పరిస్థితి చెడింది. వ్యాసమంతా ఈ మూడు ముక్కల మీదే నడిపావు. తప్పేమీ లేదు, కానీ అందులో ఊళ్లు లేవు. రాత్రిపూట ఫలానా ఊరి బాట ఎవరి చేతిలో ఉంటుంది, పశువుల తగువు ఎవరు తీరుస్తారు, పంటలో వాటా ఎవరికి ముడుతుంది అన్నవి తేల్చుకో. విదేశాల సంగతి ఆ తర్వాత రాయి.

దేశమంతా ఒకేసారి పట్టుకోకు. మాలి మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికి నాలుగున్నర రెట్లు ఉంటుంది. దేశం నడిమధ్యన మోప్తీ పట్టణం చుట్టూ ఉన్న నైజర్ నది లోపలి డెల్టాతో మొదలుపెట్టు. వరద తీశాక అక్కడ బుర్గూ అనే గడ్డి బయటపడుతుంది. ఎండాకాలమంతా మందలకు అదే ఆధారం. ఆ బీళ్లకు జోరోలని వంశపారంపర్య పెత్తందార్లు ఉంటారు, బయటి మందల దగ్గర పుల్లరి వసూలు చేస్తారు. కన్నెగంటి హనుమంతు ఎదిరించిన పుల్లరి లాంటిదే, కాకపోతే ఇక్కడ వసూలు చేసేది సర్కారు కాదు. పుల్లరి భారం పెరిగింది, అధికారుల దగ్గరికి వెళితే లంచం అడిగారు. 2015 నుంచి జిహాదీ నాయకుడు అమదూ కూఫా మనుషులు పాతుకుపోయింది ఈ కోపంలోనే. మొదట పుల్లరే ఉండదన్నారు. తర్వాత పెత్తందార్లతో రాజీపడి, తక్కువ రేటు ఖాయం చేశారు. ఈ తగువును ఏ బాంబూ తీర్చలేదని నీ వ్యాసంలో మొదటి పేజీలోనే తెలియాలి.

విదేశీ బలగాల విషయంలో సంఖ్య కన్నా ముందు వాటికిచ్చిన ఆదేశం చదువు. ఫ్రాన్స్ వారి సైనిక దళం బర్ఖాన్‌కు ఉగ్రవాదులను వేటాడే పని ఉండేది. ఎంత పెరిగినా 5 వేల చిల్లర మంది, అదీ ఐదు దేశాలకు కలిపి. ఐక్యరాజ్యసమితి బలగం మినుస్మాకు అనుమతించిన సైనికుల గరిష్ఠ సంఖ్య 13,289. దేశ విస్తీర్ణంతో భాగించి చూడు, ఒక్కో సైనికుడికి 93 చదరపు కిలోమీటర్లు వస్తుంది. వాళ్లలోనూ చాలామంది సొంత శిబిరాలకు, సరుకు లారీలకు కాపలాగానే సరిపోయారు. పైగా వేటాడే పని వాళ్లది కాదు. పక్క ఊరు తగలబడుతుంటే ఐక్యరాజ్యసమితి నీలి టోపీలవాళ్లు ఏం చేస్తున్నారని జనం అడిగారంటే, ఆ అడగడంలో న్యాయం ఉంది. 2021 డిసెంబరు నుంచి వచ్చిన రష్యా కిరాయి సైన్యం వాగ్నర్‌కు చదవడానికి ఆదేశం కూడా లేదు. వాళ్లు శిక్షకులేనని రాజధాని బమాకోలోని ప్రభుత్వం చెప్పుకొచ్చింది. 2022 మార్చిలో మూరా గ్రామంలో మాలి సైన్యం, దానితో వచ్చిన విదేశీ సాయుధులు కలిసి కనీసం 500 మందిని చంపారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల విభాగం తేల్చింది.

బయటివాడు ఆడిస్తాడు, లోపలివాడు ఆడతాడు అనే లెక్కతో రాయకు. ఉత్తరాన ఉన్న కిదాల్ చూడు. 2013 జనవరిలో ఫ్రెంచి సేనలు మాలి సైన్యాన్ని పక్కనపెట్టి ఆ పట్టణంలోకి వెళ్లాయి, ఎందుకంటే జిహాదీల మీదికి వెళ్లడానికి అక్కడి తువారెగ్ తెగ తిరుగుబాటుదారుల సాయం కావాలి. బమాకోలో ఫ్రాన్స్ మీద కోపానికి అదొక పెద్ద వేరు. తర్వాత బమాకోలో గద్దెనెక్కిన సైనిక పాలకులు పాత పగ తీర్చుకోవడానికి రష్యన్లను, తుర్కియే డ్రోన్లను వాడుకున్నారు. మినుస్మా 2023 అక్టోబరు 31న కిదాల్ శిబిరం ఖాళీ చేస్తే తిరుగుబాటుదారులు అందులో దూరారు, నవంబరు 14న సైన్యం పట్టణం పట్టుకుంది. అందుకే బలగాలు వచ్చిన తేదీలతోపాటు ఏ శిబిరం ఏ రోజు ఖాళీ అయింది, తాళాలు ఎవరికిచ్చారు అన్నదీ రాసుకో. గొడవలు సరిగ్గా ఆ సందులోనే మొదలవుతాయి. 2024 జులైలో అల్జీరియా సరిహద్దున తిన్‌జవాతెన్ దగ్గర వాగ్నర్‌కు పెద్ద దెబ్బ తగిలింది. కిదాల్ గెలవడం, ఉత్తరాన్ని నిలుపుకోవడం వేరువేరు పనులు.

అంకెల దగ్గర చాలామంది బోల్తాపడతారు. సాయుధ ఘర్షణల ఘటనలను నమోదు చేసే ఆక్లెడ్ సంస్థ పట్టిక దించుకోగానే గ్రాఫు గీయకు. ప్రతి ఘటనకూ చోటు ఎంత కచ్చితమో 1 నుంచి 3 దాకా అంకె ఉంటుంది. 3 అంటే ఊరు తెలియదు, ప్రాంతం పేరే ఉందన్నమాట. దాన్ని ఊరి పటంలో పెట్టావో, ముట్టడి లేని పట్టణం చుట్టూ ముట్టడి కనిపిస్తుంది. వార్తలో "చాలామంది" అని మాత్రమే ఉంటే పరిస్థితిని బట్టి 3 అనో 10 అనో వేయడం వాళ్ల పద్ధతి. కాబట్టి మృతుల మొత్తం కన్నా ఘటనలు నెలనెలా ఏ దారి వెంట జరుపుకుంటూ పోతున్నాయో చూడు. ఒకచోట ఘటనలు సున్నాకు పడిపోయాయంటే శాంతి వచ్చిందని రాసేయకు. ఊరు లొంగిపోయి ఉండొచ్చు.

మధ్య మాలిలోని ఫరబూగూ అనే ఊరి సంగతి అలాంటిదే. 2020 అక్టోబరులో జిహాదీలు ఆ ఊరిని చుట్టుముట్టారు, సైన్యం హెలికాప్టర్లలో దిగింది, అయినా ముట్టడి వీడలేదు. 2021లో మతపెద్దలు మధ్యవర్తులుగా ఒప్పందం కుదిరింది. ఊరికి కాపలా కాసే వేటగాళ్ల దళం తుపాకులతో తిరగకూడదు, ఆడవాళ్లు ముసుగు వేసుకోవాలి, బోధకులను రానివ్వాలి. పొలాలకు దారి తెరుచుకుంది. ఇలాంటిది కనబడితే ద్రోహమనీ శాంతి అనీ పేరు పెట్టకుండా, షరతులు యథాతథంగా రాసి, ఎన్నాళ్లు నిలిచిందో చూడు. ఫరబూగూ ఒప్పందం నిలవలేదు.

చివరి భాగానికి పడమటి పట్టణం కాయెస్ సరిపోతుంది. 2025 జులై 1న అక్కడ సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ముగ్గురు భారతీయులను ఎత్తుకెళ్లారు. సెప్టెంబరు నుంచి అల్‌ఖైదా అనుబంధ జిహాదీ కూటమి జేఎన్ఐఎం ఇంధన ట్యాంకర్లను తగలబెట్టడంతో బమాకోలో పెట్రోలు కరువైంది, బడులు మూసేశారు. డాకర్, అబిజాన్ రేవుల నుంచి వచ్చే రోడ్లు పటంలో గీసి చూపిస్తే పాఠకుడికి సగం అర్థమైపోతుంది.

బందీల గురించి రాసేటప్పుడు పేర్లు, ఊళ్లు, విమోచన సొమ్ము అంకెలు వేయకు. నీకు ఎంత నమ్మకంగా తెలిసినా సరే. బేరం నడుస్తుండగా అచ్చయిన అంకె తర్వాతి బందీకి కనీస ధర అవుతుంది.

రెండో చిత్తుప్రతితో పాటు డెల్టా పటం కూడా పంపు.

మీ మామయ్య